రసాయనానికి తగ్గ సీసా: ల్యాబ్‌లో గాజు సీసాలను ఎంచుకోవడం, జాగ్రత్తగా వాడటం

కొన్నేళ్ళ కిందటి మాట. అప్పట్లో నేను పని చేస్తున్న కాలేజీ ల్యాబ్‌లో మర్నాడు ప్రాక్టికల్ పరీక్షలు. అందరం టెన్షన్‌లో ఉన్నాం. రెండు లీటర్ల కాస్టిక్ సోడా ద్రావణం కావాల్సి వచ్చింది. అటెండర్ బీకరులో కలిపాడు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది, చల్లారనిద్దాం అన్నాను. "ఏటవుతాది మేడమ్, ఎప్పుడూ పోసేదే కదా" అంటూ రీజెంట్ సీసాలోకి వంచేశాడు. ఠక్కున చిన్న చప్పుడైంది, అంతే. సీసాను మెడ పట్టుకుని ఎత్తేసరికి గోడలు మాత్రమే పైకి లేచాయి. అడుగు భాగం కోసి తీసిన బిళ్ళలా బల్ల మీదే ఉండిపోయింది. ద్రావణం బల్ల అంచు మీదుగా అతని పాదాల మీదికి కారింది. కాళ్ళకు హవాయి చెప్పులు. కుళాయి కింద అరగంట కడిగి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. పుండు మానింది గానీ మచ్చ ఉండిపోయింది.

ఆ సీసా కొత్తదే. దాని అడుగు మందంగా, గోడలు పల్చగా ఉంటాయి. వేడి తగలగానే లోపలి పొర వ్యాకోచిస్తుంది, బయటి పొర చల్లగానే ఉంటుంది. మందపాటి అడుగూ పల్చటి గోడా కలిసే చోట, అంటే అడుగు అంచు చుట్టూ, గాజు తెగిపోతుంది. తప్పు సీసాది కాదు, దాన్ని ఆ పనికి తీసుకున్న మాది. అప్పటి నుంచి ల్యాబ్‌లో అందరికీ ఒకటే మాట చెబుతున్నాను: బీరువాలో ఏ సీసా ఖాళీగా ఉందో చూసి అందులో పోయకండి. పోసేది ఏమిటో చూసి, దానికి తగ్గ సీసాను వెతకండి. ఇంటర్ కాలేజీ ల్యాబ్ అయినా, విశాఖ దగ్గరి పరవాడ ఫార్మా సిటీలో క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్ అయినా, నీటి పరీక్షల గది అయినా ఇది మారదు.

మొదటి అడుగు: అసలు గాజులో పెట్టవచ్చా?

గాజు దాదాపు అన్నిటినీ తట్టుకుంటుంది. ఆ "దాదాపు"లో మిగిలిపోయినవి తక్కువే అయినా చాలా ప్రమాదకరమైనవి.

హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వాటిలో మొదటిది. అది గాజులోని సిలికాను కరిగించేస్తుంది. దాన్ని గాజు సీసాలో ఎప్పుడూ, ఒక్క రోజుకైనా పోయకూడదు. హెచ్‌డీపీఈ (గట్టి రకం పాలిథీన్) లేదా టెఫ్లాన్ సీసాలే వాడాలి. అమ్మోనియం బైఫ్లోరైడ్ లాంటి ఆమ్ల గుణమున్న ఫ్లోరైడ్ లవణాల ద్రావణాలు కూడా గాజును తింటాయి. ఫ్లోరైడ్ పరీక్షకు తెచ్చే నీటి శాంపిళ్ళను, ఫ్లోరైడ్ స్టాండర్డ్ ద్రావణాలను ప్లాస్టిక్‌లో ఉంచేది అందుకే.

రెండోది గాఢ క్షారాలు. కాస్టిక్ సోడా, కాస్టిక్ పొటాష్ ద్రావణాలు గాజును నెమ్మదిగా తింటాయి. నెలల తర్వాత సీసా లోపలి గోడ పాలపొర కట్టినట్టు మసకబారుతుంది. వీటికి పాలిథీన్ లేదా పాలీప్రొపిలీన్ సీసాలే మేలు. గాజు తప్ప మరేదీ లేకపోతే రబ్బరు బిరడా పెట్టి, కొద్ది రోజులు మాత్రమే ఉంచండి. గాజు బిరడా మాత్రం వద్దు. ఎందుకో కింద చెబుతాను.

మూడోది గాఢ హైడ్రోజన్ పెరాక్సైడ్. ఇది నిలవ ఉన్నకొద్దీ విడిపోయి ఆక్సిజన్‌ను వదులుతుంది. గాజు సీసాలో పోసి మూత గట్టిగా బిగిస్తే లోపల ఒత్తిడి పెరుగుతూ పోతుంది. కంపెనీ నుంచి వచ్చిన గాలి రంధ్రం మూత ఉన్న ప్లాస్టిక్ సీసాలోనే ఉంచేయండి. సోడియం హైపోక్లోరైట్ సంగతీ ఇంతే.

ఇవి సీసాకు హాని చేసేవి. దీనికి తిరగేసిన ప్రశ్న కూడా ఒకటుంది, చాలామంది మర్చిపోతారు: సీసా వల్ల రసాయనం పాడవుతుందా? సింహాద్రి లాంటి థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో, ఉక్కు కర్మాగారాల్లో బాయిలర్ నీటిలో సిలికాను చాలా స్వల్ప మోతాదుల్లో కొలుస్తారు. ఆ శాంపిల్‌ను గాజు సీసాలో పట్టి ఉంచితే, మీరు కొలిచేది బాయిలర్ సిలికానా, సీసా సిలికానా చెప్పలేరు. బోరాన్, సోడియం, స్వల్ప మోతాదు లోహాల పరీక్షలదీ అదే గొడవ. వాటికి ప్లాస్టిక్ వాడండి. పురుగుమందుల అవశేషాలు, నూనె–గ్రీజు, సేంద్రియ ద్రావకాలు అయితే అటుది ఇటు: ప్లాస్టిక్ వాటిని పీల్చుకుంటుంది, లేదా తనలోనివి వాటిలోకి వదులుతుంది. అక్కడ గాజే కావాలి.

రెండో అడుగు: ఇది ఏ గాజు?

షాపులో "గాజు సీసా ఇవ్వండి" అని ఊరుకోకండి. ల్యాబుల్లో కనిపించేవి ముఖ్యంగా రెండు రకాలు. సోడా లైమ్ గాజు అంటే కిటికీ అద్దాలకు, జామ్ సీసాలకు వాడేది. చవక. గది వేడిలో ఉండే ద్రావణాలకు, పొడులకు, కంపెనీల నుంచి వచ్చే ద్రావకాలకు చక్కగా సరిపోతుంది. బోరోసిలికేట్ గాజులో సుమారు 80 శాతం సిలికా, 13 శాతం బోరిక్ ఆక్సైడ్ ఉంటాయి. మన దగ్గర దీన్ని అందరూ బోరోసిల్ గాజు అనేస్తారు, కంపెనీ ఏదైనా సరే. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో జర్మనీలో ఒట్టో షాట్ తయారుచేసిన గాజు ఇది.

రెంటికీ అసలు తేడా వ్యాకోచంలో ఉంది. బోరోసిలికేట్ మీద కనిపించే 3.3 అనే అంకె అదే: ఒక్కో డిగ్రీకి పది లక్షల భాగాల్లో 3.3 భాగాలు సాగుతుంది. సోడా లైమ్ దాదాపు 9 భాగాలు సాగుతుంది. మూడింతలు తక్కువ సాగే గాజు వేడికి అంత తేలిగ్గా పగలదు. ఆటోక్లేవ్‌లో (ఒత్తిడితో కూడిన ఆవిరితో క్రిములను చంపే యంత్రంలో) పెట్టాలన్నా, వేడి ద్రావణం పోయాలన్నా, ఫ్రీజర్‌లో ఉంచాలన్నా బోరోసిలికేటే తీసుకోండి.

ముద్ర చెరిగిపోయిన పాత సీసా ఏ గాజుదో తెలియకపోతే చిన్న పరీక్ష ఉంది. ఆ రకం సీసాదే పగిలిన ముక్క ఉంటే, శుభ్రంగా కడిగి, పటకారుతో పట్టుకుని బీకరులోని గ్లిజరిన్‌లో ముంచండి. బోరోసిలికేట్ అయితే ముక్క మాయమైపోతుంది. గ్లిజరిన్ వక్రీభవన గుణకం, ఆ గాజు వక్రీభవన గుణకం రెండూ సుమారు 1.47. కాంతి ఎక్కడా వంగదు కాబట్టి అంచు కూడా కనబడదు. సోడా లైమ్ ముక్క అయితే అంచులతో సహా స్పష్టంగా కనిపిస్తుంది, దాని గుణకం 1.52 దాకా ఉంటుంది. పిల్లలకు ఇది చూపించినప్పుడు వాళ్ళ కళ్ళు చూడాలి. ముక్క దొరక్కపోతే రిస్క్ తీసుకోవద్దు. తెలియని సీసాను సోడా లైమ్ కిందే లెక్కేసి, వేడికి దూరంగా ఉంచండి.

ఒక హెచ్చరిక. బోరోసిలికేట్ అయినా సరే, స్టోరేజ్ సీసా బీకరు కాదు. బీకరు కన్నా మందపాటి గోడలుంటాయి కాబట్టి దాన్ని నేరుగా బర్నర్ మీద, హాట్ ప్లేట్ మీద పెట్టకూడదు. వేడి సీసాను తడి గ్రానైట్ బల్ల మీద దించకూడదు, కింద మడతపెట్టిన పొడి గుడ్డ వేయాలి. వ్యాక్యూమ్ పంపుకు కలపకూడదు. దానికి ప్రత్యేకంగా చేసిన సీసాలు వేరే ఉంటాయి. సీసా మీది మిల్లీలీటర్ల గీతలు అంచనాకే పనికొస్తాయి, వాటితో స్టాండర్డ్ ద్రావణం తయారు చేయకండి.

మూడో అడుగు: తెల్ల సీసానా, ఆంబర్ సీసానా?

వెలుతురుకు పాడయ్యేవాటికి ఆంబర్, అంటే గోధుమరంగు సీసా: సిల్వర్ నైట్రేట్, పొటాషియం పర్మాంగనేట్, అయోడిన్ ద్రావణం, గాఢ నైట్రిక్ ఆమ్లం, క్లోరోఫాం, ఈథర్లు. క్లోరోఫాం వెలుతురు, గాలి తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువుగా మారుతుంది. కాబట్టి ఇక్కడ రంగు సోకు కోసం కాదు. ఆంబర్ సీసా లేకపోతే మామూలు సీసాకు అల్యూమినియం ఫాయిల్ చుట్టి, లేబుల్‌ను ఫాయిల్ మీద అంటించండి. మిగతావాటికి తెల్ల సీసాయే మంచిది. అడుగున తెల్లటి మడ్డి చేరినా, స్ఫటికాలు కట్టినా, రంగు మారినా వెంటనే కనిపిస్తుంది.

నాలుగో అడుగు: మూత

నేను చూసిన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం గాజు వల్ల రాలేదు, మూత వల్ల వచ్చాయి. సీసాకు పెట్టే శ్రద్ధలో సగం మూతకు పెట్టండి.

గాజు బిరడా ఉన్న సీసాలు గాఢ ఆమ్లాలకు, అయోడిన్‌కు బాగా నప్పుతాయి. అయోడిన్ కార్కునూ రబ్బరునూ తినేస్తుంది కాబట్టి దానికి గాజు బిరడాయే సరి. క్షారాలకు మాత్రం ఇది పనికిరాదు. గరుకుగా అరగదీసిన బిరడాకూ మెడకూ మధ్య క్షారం చేరి గాజును కొద్దికొద్దిగా తింటుంది, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి గట్టిపడుతుంది. నెల తిరిగేసరికి సిమెంట్ వేసినట్టు పట్టేస్తుంది. బిరడాలు ఒకదాన్నుంచి ఇంకోదానికి మారిపోకుండా చూడండి. ఒక సీసా బిరడా ఇంకో సీసాకు పైకి సరిపోయినట్టే ఉంటుంది, లోపల్నుంచి ఆవిరి పోతూనే ఉంటుంది.

స్క్రూ మూతల్లో ఇప్పుడు ఎక్కువగా దొరికేది జీఎల్ 45, అంటే 45 మిల్లీమీటర్ల మరలు. దానికి వచ్చే నీలం రంగు పాలీప్రొపిలీన్ మూత 140 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, అంటే ఆటోక్లేవ్‌కు సరిపోతుంది. ఎరుపు మూతలు 180 డిగ్రీల దాకా ఆగుతాయి. మూత కొనేటప్పుడు దాన్ని తిరగేసి లోపలి లైనర్, అంటే మూత లోపల అతికించిన బిళ్ళ చూడండి. టోలుయీన్, హెక్సేన్ లాంటి ద్రావకాలకు రబ్బరు లైనర్ ఉబ్బి మెత్తబడుతుంది. గాఢ నైట్రిక్ ఆమ్లం మామూలు ప్లాస్టిక్‌ను పెళుసుగా చేసేస్తుంది. టెఫ్లాన్ లైనర్ ఈ రెంటినీ తట్టుకుంటుంది. నాలుగు డబ్బులు ఎక్కువైనా ద్రావకాలకు, గాఢ ఆమ్లాలకు టెఫ్లాన్ లైనర్ మూతే తీసుకోమంటాను.

రేకు మూతల మాట. సముద్రానికి దగ్గరగా ఉన్న మన విశాఖలో అవి వద్దే వద్దు. ఉప్పుగాలికి, హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరికి ఏడాది తిరక్కుండానే తుప్పు పట్టి, ఆ పొడి సీసాలో రాలుతుంది. పిక్రిక్ ఆమ్లానికి లోహపు మూత అసలే పెట్టకూడదు. లోహంతో అది ఇంకా సున్నితమైన పేలుడు లవణాలను ఇస్తుంది.

గట్టిగా బిగించకూడనివి కూడా కొన్ని ఉన్నాయి. నైట్రిక్ ఆమ్లం కలిసిన వ్యర్థాలు, పెరాక్సైడ్ కలిసిన వ్యర్థాలు, ఇంకా నురగలు వస్తున్న ఏ ద్రావణమైనా సరే. వేస్ట్ సీసాలో అంతకుముందు కొంచెం ఆల్కహాలో అసిటోనో మిగిలి ఉండి, దానిమీద నైట్రిక్ ఆమ్లం పోసి మూత బిగిస్తే, ఆ సీసా కొద్దిసేపట్లోనే పేలిపోవచ్చు. ఆమ్లానికి వేరే, ద్రావకాలకు వేరే వేస్ట్ సీసాలు పెట్టండి. గాలి రంధ్రం ఉన్న మూతలే వాడండి.

ఐదో అడుగు: సీసాను పరీక్షించడం

గాజు బలం దాని పైపొర నునుపులో ఉంటుంది. చిన్న గీత పడ్డ చోట ఒత్తిడి అంతా పోగవుతుంది, ఏదో ఒక రోజు అక్కడే పగులుతుంది. అందుకే నింపే ముందు ప్రతి సీసానూ చూడాలి. గదిలో లైటు ఆపి, సెల్‌ఫోన్ టార్చిని సీసా పక్క నుంచి వేసి మెల్లగా తిప్పండి. గీతలు, నక్షత్రంలా విచ్చుకున్న పగుళ్ళు మెరుస్తాయి. అడుగు అంచును, మెడ కింది వంపును ఇంకాస్త జాగ్రత్తగా చూడండి. అక్కడ మెరిస్తే ఆ సీసా వాడకానికి పనికిరాదు, పొడులకు కూడా. మూతి చిట్లిన సీసా మూత సరిగా పట్టదు, చేతులు కోస్తుంది. దాన్నీ పక్కన పెట్టండి.

కడిగేటప్పుడు గీతలు పడేది ఇనుప తీగ బయటపడిన పాత బ్రష్‌ల వల్లే. బ్రష్ కొసన వెంట్రుకలు ఊడిపోగానే పారేయండి. పర్మాంగనేట్ సీసాలో గోధుమరంగు మరక పడితే గీకవద్దు, కొంచెం ఆక్సాలిక్ ఆమ్లం ద్రావణం పోసి ఊరనిస్తే పోతుంది. చివరిసారి డిస్టిల్డ్ నీటితో తొలిచి, బోర్లించి ఆరబెట్టండి. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోయబోయే సీసాలో తడి చుక్క కూడా ఉండకూడదు.

ఆరో అడుగు: నింపడం

వేడి పుట్టించే కలయికలేవీ సీసాలో చేయకండి. కాస్టిక్ సోడా కరిగించడం, సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని పలుచన చేయడం ఇవన్నీ బోరోసిలికేట్ బీకరులోనే, బీకరును చల్లటి నీళ్ళ టబ్బులో పెట్టి చేయాలి. నీటిలోకి ఆమ్లం కొద్దికొద్దిగా పోయాలి గానీ ఆమ్లంలోకి నీళ్ళు పోయకూడదు. గది వేడికి దిగాకే సీసాలోకి. బీకరు బయట చేయి పెడితే వెచ్చగా కూడా తగలకూడదు, అదే నేను పెట్టుకున్న కొలత.

సీసాను నిండా పోయకండి. ద్రావకాలు వేడికి సాగుతాయి, చోటు కావాలి. కనీసం పదో వంతు ఖాళీ వదలండి. ఫ్రీజర్‌లో పెట్టేదైతే మూడు వంతులకు మించకుండా పోసి, సీసాను వాలుగా ఆనించి పెట్టండి. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర పెట్టేటప్పుడు మూతను ఒక చుట్టు వదులు చేయాలి. చల్లారాక మాత్రమే బిగించాలి.

స్టైరీన్ లాంటి మోనోమర్ల (ఒకదానితో ఒకటి గొలుసులా కలిసి పాలిమర్‌గా మారేవాటి) విషయంలో ఆ ఖాళీకి ఇంకో పనుంది. 2020 మే 7న తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఏం జరిగిందో మనకెవరూ చెప్పక్కర్లేదు. అక్కడి ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకులో స్టైరీన్ తనలో తానే పాలిమర్‌గా మారుతూ వేడెక్కి ఆవిరై ఊరి మీద పడింది. దాన్ని అడ్డుకోవాల్సిన ఇన్‌హిబిటర్ తగినంత లేదు. 12 మంది ప్రాణాలు పోయాయి. మన ల్యాబ్‌లో ఉండేది అర లీటరు సీసా కావచ్చు, లోపలి రసాయనశాస్త్రం మాత్రం అదే. స్టైరీన్‌కు కలిపే ఇన్‌హిబిటర్ పని చేయాలంటే కొంచెం ఆక్సిజన్ కావాలి. కాబట్టి సీసాలో గాలికి చోటుంచండి, నైట్రోజన్ నింపకండి. చల్లటి చోట ఉంచండి, తేదీ దాటినది నిలవ ఉంచకండి. చిక్కబడినట్టు కనిపిస్తే సీసాను కదిలించకుండా వెంటనే పైవాళ్ళకు చెప్పండి.

ఏడో అడుగు: లేబుల్

లేబుల్ లేని సీసా ఒక్క నిమిషమైనా బల్ల మీద ఉండకూడదు. పేరు, గాఢత, తయారు చేసిన తేదీ, తెరిచిన తేదీ, తయారు చేసినవాళ్ళ పేరు, ప్రమాద చిహ్నం ఇవన్నీ ఉండాలి. ద్రావకం ఒలికితే పెన్ను సిరా కారిపోతుంది, పెన్సిల్ రాత నిలుస్తుంది. అందుకే నేను పెన్సిల్‌తోనే రాస్తాను. పైన వెడల్పాటి పారదర్శక టేపు వేస్తే ఆమ్లపు ఆవిరికి, మన ఊరి తేమకు కాగితం ఊడిపోదు. కొత్త లేబుల్ వేసే ముందు పాతది పూర్తిగా గీకి తీసేయండి. ఒకదాని మీద ఒకటి అంటిస్తే పైది ఊడిన రోజు కిందది అబద్ధం చెబుతుంది.

తెరిచిన తేదీ ముఖ్యంగా ఈథర్లకు కావాలి. డై ఇథైల్ ఈథర్, టీహెచ్‌ఎఫ్ (టెట్రాహైడ్రోఫ్యూరాన్), డయాక్సేన్ గాలి తగిలితే పెరాక్సైడ్‌లుగా మారతాయి. అవి ఎండిపోతే పేలతాయి. తెరిచాక మూడు నెలలకోసారి పెరాక్సైడ్ పరీక్ష పట్టీతో చూసి, ఫలితాన్నీ తేదీనీ లేబుల్ మీదే రాయండి.

ఇంకో మాట, దయచేసి వినండి. మంచినీళ్ళ బాటిల్‌లో, కూల్‌డ్రింక్ సీసాలో ఏ రసాయనమూ పోయకండి. "ఇవాళ్టికే కదా" అని కూడా వద్దు. బాత్‌రూమ్ కడిగే యాసిడ్‌ను అలా పోసి పెడితే దాహమేసిన పిల్లలు తాగేసిన ఇళ్ళు మన చుట్టూ ఉన్నాయి. ల్యాబ్‌లో కూడా మనుషులకు దాహం వేస్తుంది.

ఎనిమిదో అడుగు: ఎక్కడ, ఎలా ఉంచాలి

పుస్తకాల్లో గది వేడి అంటే 20–25 డిగ్రీలు. మే నెలలో ఏసీ లేని మన స్టోర్ రూమ్‌లో 35 దాటుతుంది. డై ఇథైల్ ఈథర్ 34.6 డిగ్రీలకే మరుగుతుంది. 25 శాతం అమ్మోనియా ద్రావణం 38 దగ్గర, డైక్లోరోమీథేన్ 40 దగ్గర మరుగుతాయి. అంటే మన ఎండాకాలంలో ఇవి సీసాలో మరిగే స్థితిలో ఉన్నట్టే లెక్క. వీటిని ఏసీ ఉన్న చోట ఉంచండి. ఫ్రిజ్‌లో పెట్టాలంటే మంటలు పుట్టే ద్రావకాల కోసమే చేసిన ఫ్రిజ్ కావాలి. ఇంట్లో వాడే ఫ్రిజ్‌లో థర్మోస్టాట్ నిప్పురవ్వ చాలు, ఈథర్ ఆవిరి అంటుకోవడానికి. అమ్మోనియా సీసాను తెరిచే ముందు అరగంట చల్లటి నీళ్ళలో నిలబెట్టి, ఫ్యూమ్ హుడ్‌లో (ఆవిరిని బయటికి లాగేసే గూడులో), మూతిని మీ ముఖానికి దూరంగా ఉంచి తెరవండి.

దీనికి తిరగబడిన కథ కొండల మీది అరకు వైపు. గ్లేసియల్ అసిటిక్ ఆమ్లం 16.6 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. చలికాలంలో అక్కడి ల్యాబుల్లో సీసా మొత్తం రాయిలా అయిపోతుంది. పాడైపోలేదు, కంగారు పడకండి. గోరువెచ్చని నీళ్ళలో నిలబెట్టి నెమ్మదిగా కరగనివ్వండి. హీటర్ దగ్గర మాత్రం పెట్టకండి.

ద్రవాలన్నీ కంటి ఎత్తుకు కిందే ఉండాలి. గాఢ ఆమ్లాలు అన్నిటికన్నా కింది అరలో, ప్లాస్టిక్ టబ్బులో. సీసా పగిలినా, కారినా టబ్బులోనే ఆగిపోతుంది. ఆమ్లాల టబ్బు, క్షారాల టబ్బు, ద్రావకాల టబ్బు వేర్వేరుగా ఉండాలి. నైట్రిక్ ఆమ్లానికి ఇంకా వేరే టబ్బు ఉండాలి, అసిటిక్ ఆమ్లం పక్కన కూడా పెట్టకూడదు. అక్షర క్రమంలో సర్దితే చూడటానికి బాగుంటుంది గానీ, పక్కపక్కన ఉండకూడనివన్నీ పక్కపక్కకు చేరతాయి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అమ్మోనియా ఒకే బీరువాలో ఉంటే సీసాలన్నిటి మీదా తెల్లటి పొడి కప్పేస్తుంది. అది అమ్మోనియం క్లోరైడ్. అది కనిపించిందంటే ఆ రెండు మూతలూ ఆవిరి వదులుతున్నట్టే.

ఇనుప ర్యాకులు బీచ్ వైపు గాలికి తుప్పు పడతాయి. ఆరు నెలలకోసారి స్క్రూలు, బ్రాకెట్లు కదిపి చూడండి. ప్రతి అర ముందూ అంగుళమన్నర ఎత్తు అంచు బద్ద వేయించండి. కిటికీ పక్క ర్యాకుల్లో సీసాలు వద్దు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు ఈ ఊళ్ళో ఎన్ని కిటికీ అద్దాలు లోపలికి ఎగిరిపడ్డాయో చూసినవాళ్ళెవరూ ఆ తప్పు చేయరు. తుఫాను హెచ్చరిక రాగానే పై అరల్లోని సీసాలను కింది టబ్బుల్లోకి దించేయడం మా ల్యాబ్‌లో ఇప్పుడు అలవాటు.

తొమ్మిదో అడుగు: మోయడం, వంచడం

రెండున్నర లీటర్ల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ఆమ్లమే 4.6 కిలోలు. ఆ బరువును సీసా మెడ పట్టుకుని మోయకండి. ఒక చెయ్యి అడుగున, ఇంకో చెయ్యి నడుము దగ్గర ఉండాలి. గది దాటితే ప్లాస్టిక్ బకెట్‌లో పెట్టి మోయాలి. ప్లాస్టిక్ పూత ఉన్న సీసాలు దొరికితే ఆమ్లాలకు అవి మంచివి. పగిలినా ముక్కలు పూతలో పట్టుకుని ఉంటాయి. గాగుల్స్, గ్లవ్స్, పాదం మొత్తం కప్పే బూట్లు వేసుకోండి.

వంచేటప్పుడు లేబుల్ అరచేతి వైపు ఉండాలి. అప్పుడు కారిన చుక్క వెనక వైపు పోతుంది, పేరు చెరిగిపోదు. మూతను బల్ల మీద బోర్లించకుండా వెల్లకిలా పెట్టండి. కావాల్సినంత చిన్న బీకరులో పోసుకుని అందులోంచి పిపెట్‌తో తీసుకోండి. మిగిలింది మళ్ళీ సీసాలో పోయకండి.

బిగుసుకుపోయిన బిరడా

మొదట లేబుల్ చదవండి. ఈథర్లు, డయాక్సేన్, పిక్రిక్ ఆమ్లం, పర్‌క్లోరిక్ ఆమ్లం ఇలాంటివైతే చేయి పెట్టకండి. మూత చుట్టూ స్ఫటికాలు కనిపిస్తే, తిప్పిన రాపిడే పేలుడుకు చాలు. ఆ సీసాను అక్కడే వదిలి, గది ఖాళీ చేయించి, తెలిసినవాళ్ళను పిలవండి.

మామూలు క్షారమో, లవణ ద్రావణమో అయితే సీసాను టబ్బులో నిలబెట్టి, గుడ్డను వేడినీళ్ళలో తడిపి మెడ చుట్టూ మాత్రమే చుట్టండి. మెడ సాగుతుంది, లోపలి బిరడా ఇంకా చల్లగానే ఉంటుంది. చెక్క ముక్కతో బిరడాను ఒకవైపు, తర్వాత ఎదురువైపు నెమ్మదిగా తట్టండి. గ్లవ్స్ మీద మందపాటి తువ్వాలు చుట్టుకోవాలి. రెండు మూడు సార్లకు రాకపోతే వదిలేయండి. లోపలి పది రూపాయల ద్రావణం కోసం చెయ్యి కోసుకోవద్దు.

పగిలితే, ఖాళీ అయితే

ఒంటి మీద పడితే ముందు నీళ్ళు, తర్వాతే మిగతావన్నీ. తడిసిన బట్టలు తీసేసి, కనీసం 15–20 నిమిషాలు ధారగా కడగాలి. కంట్లో పడితే రెప్పలు విప్పి పట్టుకుని అంతసేపూ కడగాలి. ఆమ్లం మీద క్షారం, క్షారం మీద నిమ్మరసం పోయడం లాంటివి చేయకండి. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వాడే ల్యాబ్‌లో కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందేలా ఉండాలి. 108కి ఫోన్ చేసి, కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)కో దగ్గరి ఆసుపత్రికో వెళ్ళేటప్పుడు లేబుల్‌ను ఫోటో తీసుకెళ్ళండి. డాక్టరు మొదట అడిగేది అదే.

నేల మీద ఒలికిన ఆమ్లం మీద పొడి ఇసుక, సోడియం బైకార్బనేట్ చల్లి, నురగ ఆగాక చీపురూ చేటతో ఎత్తండి. గాజు ముక్కలను చేత్తో ఏరకండి. వాటిని "పగిలిన గాజు" అని రాసిన గట్టి అట్టపెట్టెలో వేయండి, మామూలు చెత్తలో వేస్తే తీసుకెళ్ళే పారిశుద్ధ్య కార్మికుల చేతులు తెగుతాయి.

ఖాళీ సీసాలను మూడుసార్లు తొలవండి. విషపదార్థాలు ఉన్నవైతే ఆ నీళ్ళను సింక్‌లో కాకుండా వేస్ట్ సీసాలో పోయండి. నిలవైన రసాయన వ్యర్థాలను లైసెన్సు ఉన్న సంస్థకే అప్పగించాలి. పరవాడలో అలాంటి శుద్ధి కేంద్రం ఉంది. కడిగిన సీసాలు పాత సామాను కొనేవాళ్ళకు వేసే ముందు లేబుల్ పూర్తిగా గీకి, మూతలకు మేకుతో రంధ్రం చేయండి. మంచి గట్టి సీసా కదా అని ఎవరో తీసుకెళ్ళి వంటింట్లో నూనె పోసుకుంటారు.